డేంజర్ లైటుకు రెండు పాయింట్లు

బండి వెనక ఎర్రగా వెలిగేదాన్ని ఏమంటారని మీ తరం వాళ్లను అడిగితే ఒకరు టెయిల్ ల్యాంప్ అంటారు, ఒకరు బ్రేక్ లైట్ అంటారు, ఇంకొకరు ఆగండి అంకుల్ అని ఫోన్ తీసి వెతుకుతారు. మా షెడ్డులో దానికి ఒకటే పేరు, డేంజర్ లైటు. చీకటి పడ్డాక సన్నగా వెలిగేదీ డేంజర్ లైటే, బ్రేకు తొక్కితే భగ్గుమనేదీ డేంజర్ లైటే. ముప్పై ఏళ్లకు పైగా ఆ ఒక్క మాటతోనే నెట్టుకొచ్చాను. చివరికి ఆ మాటతోనే ఒక మనిషి కాలు విరగ్గొట్టాను. బండి నడపడం కూడా రానివాడు మనిషి కాలు ఎలా విరగ్గొట్టాడో చెప్తాను, వినండి.

నేను ఎలక్ట్రీషియన్ని. సంస్థ పేరు చెప్పను. పల్లెల్లో పాలు సేకరించేది, దాంతోపాటు వ్యాన్లు తిప్పి గొర్లకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు, బర్లకు సూదులు వేయించేది. ఆ వ్యాన్లు చూసే షెడ్డు సూర్యాపేటలో, బల్బూ వైరూ ఇచ్చే స్టోర్సు కోదాడలో, సంతకం పెట్టే ఆఫీసు మిర్యాలగూడలో ఉండేవి. ఇలా మూడు ఊళ్లకు పంచిన మహానుభావుడెవరో గానీ, ఒక ఫ్యూజు మార్చాలన్నా మూడు ఊళ్ల నీళ్లు తాగాల్సి వచ్చేది. వ్యాన్లు కూడా మూడే. మూడింటిలో కోదాడ వ్యాను వయసులో అన్నిటికంటే పెద్దది. తలుపు వేస్తే హారన్ మోగేది, హారన్ కొడితే తలుపు తెరుచుకునేది. అయినా దాని లైట్లు మాత్రం ఒక్కరోజు కూడా ఆరిపోలేదు. అది నా గొప్ప. నేను చేసిన పని తిరిగి షెడ్డుకు రాదని అందరూ అనేవాళ్లు, నేనైతే అందరికంటే ఎక్కువసార్లు అనేవాణ్ని.

నా రిటైర్మెంటుకు ఏడాది కూడా లేదనగా మా అధికారి హైదరాబాదులో మూడు రోజుల శిక్షణకు వెళ్లొచ్చారు. వెళ్లేటప్పుడు మామూలు మనిషే. వచ్చేటప్పుడు చేతిలో ఒక సంచీ, జేబులో ఒక పెన్ను, నోట్లో ఒక మాట తెచ్చుకున్నారు. ఆ మాట ఎల్ఈడీ. ఇక పొద్దున లేస్తే ఎల్ఈడీ, పొద్దుగూకితే ఎల్ఈడీ. ఆఫీసులో ట్యూబులైట్లు మార్పించారు, బాత్రూంలో గుడ్డి బల్బు మార్పించారు. మార్చడానికి ఇంకేం మిగల్లేదని తెలిశాక ఆయన కన్ను మా వ్యాన్ల మీద పడింది.

నన్ను మిర్యాలగూడకు పిలిపించి, వ్యాన్ల బయటి లైట్లన్నీ ఎల్ఈడీ చేస్తే నెలకు ఎంత కరెంటు ఆదా అవుతుందో లెక్క రాసి తెమ్మన్నారు. వ్యానుకు కరెంటు మీటరు ఉండదు సార్, ఇంజను తిరుగుతుంటే అదే పుట్టించుకుంటుంది అని చెప్పాను. ఆయన నన్ను జాలిగా చూశారు. నెగటివ్‌గా ఆలోచించకూడదని శిక్షణలో రెండో రోజు చెప్పారట. నేను పాజిటివ్, నెగటివ్ రెండూ కలిస్తేనే లైటు వెలుగుతుందని నమ్మి బతికినవాణ్ని. కానీ అధికారితో వాదించి గెలిచిన ఎలక్ట్రీషియన్ని నేనింతవరకు చూడలేదు. తల ఊపి వచ్చేశాను.

తర్వాత ఇండెంటు. కోదాడ స్టోర్సులో గుమాస్తా ఒకాయన ఉండేవాడు. కృష్ణా నది అవతల నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి, పలుకు తియ్యన, రాత ముత్యం. నేను సూర్యాపేట నుంచి ఫోన్ చేసి లిస్టు చెప్పాను. ముందు పార్కింగ్ లైట్లు, పక్కన ఇండికేటర్లు, నంబరు ప్లేటు లైటు, వెనక డేంజర్ లైట్లు. "డేంజర్ లైట్లంటే వెనకాల ఎర్రవేనాండీ?" అని ఆయన అడిగాడు. అవును అన్నాను. "మరి రాసేసుకున్నానండి" అన్నాడు. అంతే, మా ఇద్దరి మధ్య జరిగిన సంభాషణ అదే. ముప్పై ఏళ్ల అనుభవం ఒకవైపు, ముత్యాల రాత ఇంకొకవైపు, మధ్యలో ఒక మాట.

ఇక్కడ కొంచెం పని సంగతి చెప్పాలి, ఓపిక పట్టండి. పాత బండ్లలో వెనక ఎర్ర అద్దం లోపల ఉండేది ఒకటే బల్బు. దాని కడుపులో తీగలు రెండు. సన్నది రాత్రంతా వెలగడానికి, లావుది బ్రేకు తొక్కినప్పుడు వెలగడానికి. అందుకే ఆ బల్బు అడుగున రెండు చుక్కలుంటాయి, మేం పాయింట్లు అంటాం. ఆ పాయింట్లకు రెండు వైర్లు వేరువేరుగా వస్తాయి. మిగతా లైట్లకు ఒక పాయింటు చాలు. మా షెడ్డులో రెండు పనులకూ ఒకటే పేరు కాబట్టి నేను ఫోన్లో రెండు పాయింట్ల బల్బు అని చెప్పలేదు. ఆయన అడగలేదు. సప్లయర్ అన్నిటికీ ఒక పాయింటు బల్బులే పంపాడు.

డబ్బా విప్పి చూడగానే నాకు తెలిసింది. వెనక్కి పంపాలి, అది ఒక్కటే చేయాల్సిన పని. వెనక్కి పంపితే కోదాడ, హైదరాబాదు, మళ్లీ కోదాడ, నెల రోజులు. అవతల మా అధికారి ప్రారంభోత్సవానికి ముహూర్తం పెట్టేశారు. నవ్వకండి, బల్బుల ప్రారంభోత్సవమే. మిర్యాలగూడ ఆఫీసు ముందు కొబ్బరికాయ, రిబ్బను, ఫోటో. నాకు మూడు రోజులు టైమిచ్చారు.

ఒక పాయింటు బల్బు రెండు పాయింట్ల హోల్డరులో దూరదు. బల్బు పక్కన రెండు పిన్నులుంటాయి. రెండు పాయింట్ల దానికి అవి ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటాయి. తప్పు బల్బు పొరపాటున కూడా ఎక్కకూడదని కంపెనీవాడు అలా చేశాడు. పాపం, వాడికి సూర్యాపేట మేస్త్రీల సంగతి తెలియదు. నేను ఆకురాయి తీసుకుని ఒక పిన్నును అరగదీశాను. బల్బు బుద్ధిగా లోపలికి వెళ్లి కూర్చుంది. దాని అడుగున ఉన్న ఒకే ఒక్క లావు పాయింటు హోల్డరులోని రెండు పాయింట్లనూ ఒకేసారి తాకింది. వేరువేరుగా ఉండాల్సిన రెండు వైర్లు అక్కడ ఒక్కటయ్యాయి. లైటు వెలిగింది. బ్రేకు తొక్కాను, వెలిగింది. పార్కింగ్ స్విచ్చి వేశాను, వెలిగింది. రెండూ కలిపి మాత్రం చూడలేదు. పట్టపగలు లైట్లు వేసుకుని బ్రేకు తొక్కి చూడాలన్న బుద్ధి ఎవడికి పుడుతుంది?

ఇండికేటర్లు ఇంకొక తమాషా. ఎల్ఈడీ తాగే కరెంటు తక్కువ, ఇండికేటర్లను వెలిగించి ఆర్పే పాత రిలే, బల్బు పోయిందనుకుని కంగారుపడి టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టింది. దానికి కొత్త రకం రిలే తెప్పించి సరిగ్గా బిగించాను. అది నేను చేసిన మంచి పని. దాన్ని చూసి మా అధికారి మొహం చిన్నబుచ్చుకున్నారు. వేగంగా కొట్టుకుంటుంటేనే ఆధునికంగా ఉందట.

ప్రారంభోత్సవం నాడు ఆయన స్వయంగా డ్రైవరు సీట్లో కూర్చుని బ్రేకు తొక్కారు. వెనక ఎర్రగా వెలిగింది, జనం చప్పట్లు కొట్టారు. అయితే వెనకతోపాటు ముందున్న పార్కింగ్ లైట్లు కూడా వెలిగాయి. నంబరు ప్లేటు వెలిగింది. డ్యాష్‌బోర్డులో మీటరు వెలిగింది. వెనక కలిసిపోయిన వైర్ల గుండా బ్రేకు కరెంటు ఎదురు పారి బండి మొత్తం తిరిగొచ్చిందన్న సంగతి నాకు ఆ క్షణమే తెలుసు. పాత బల్బులైతే ఆ భారానికి ఫ్యూజు కొట్టేసి నా బండారం అక్కడే బయటపడేది. ఎల్ఈడీలు తేలిక కదా, ఫ్యూజు కిక్కురుమనలేదు. అధికారి తల బయట పెట్టి, ముందువి కూడా వెలుగుతున్నాయే, ఇది కూడా ఎల్ఈడీ వల్లేనా అని అడిగారు. ఎల్ఈడీ వల్లే సార్ అన్నాను. ఆయన కిందికి దిగి దానికి అక్కడికక్కడే పేరు పెట్టారు, డబుల్ సేఫ్టీ. బ్రేకు వేస్తే వెనకవాడికే కాదు ముందువాడికి కూడా తెలుస్తుందని జనానికి వివరించారు. జనం మళ్లీ చప్పట్లు కొట్టారు.

ఆ గుంపులో ఒకే ఒక్కడికి అనుమానం వచ్చింది. అతను కోదాడ వ్యాను అటెండరు. గొర్ల కాపరుల ఇంట్లో పుట్టినవాడు, బడికి వెళ్లినవాడు కాదు. పందొమ్మిదేళ్లుగా రోజుకూలి లెక్కన పని చేస్తున్నాడు. సూదిమందు డబ్బా మోసేది, పొగరుబోతు బర్రెను కొమ్ములు పట్టి ఆపేది, ఊళ్లో మైకు పట్టుకుని పిలిచేది అన్నీ అతనే. ఆ ఏడాది రోజుకూలీలను పర్మినెంటు చేస్తామని లిస్టు తయారవుతోంది, అందులో అతని పేరు మూడోది. కొబ్బరి చిప్పలు పంచుతూ నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు.

"అన్నా, బ్రేకు ఎనకోనికి గద. ముందట ఎందుకు ఎలుగుతుంది?"

నీ పని నువ్వు చూసుకో, కొబ్బరి అందరికీ సరిపోయిందా అని కసిరాను. అతను నవ్వి, మిగిలిన చిప్పలు పంచడానికి వెళ్లాడు. చదువుకున్న అధికారికి, ముప్పై ఏళ్ల మేస్త్రీకి తట్టని ప్రశ్న అతనికి తట్టిందని కాదు నా కోపం. నాకు జవాబు తెలుసు, చెప్పే ధైర్యం లేదు, అదీ కోపం.

మూడు వ్యాన్లకూ అదే ఆకురాయి వైద్యం చేశాను. డ్రైవర్లు మెచ్చుకున్నారు. రాత్రిపూట వెనక లైటు రెండు ఫర్లాంగుల దూరం కనపడుతోందట. కనపడదా మరి, బ్రేకుకు వెలగాల్సినంత వెలుగు పొద్దుగూకిన దగ్గర్నుంచి ఆగకుండా వెలుగుతుంటే?

రెండు నెలలు గడిచాయి. ఒకరోజు కోదాడ వ్యాను నడిగూడెం వెళ్లింది, గొర్లకు మందు తాగించడానికి. ఆ రోజు మందు డబ్బాలు ఎక్కువై వ్యానులో చోటు లేక అటెండరు తన మోపెడ్డు మీద వెళ్లాడు. పని ముగిసేసరికి పొద్దుగూకింది. డ్రైవరు లైట్లు వేసుకుని కోదాడ వైపు బయల్దేరాడు. అటెండరు వెనకే వస్తున్నాడు. ఊరు దాటిన కొంత దూరానికి ఇంటికి మళ్లిన గొర్ల మంద ఒకటి రోడ్డు మీదికి వచ్చింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు. వ్యాను ఆగింది. మోపెడ్డు ఆగలేదు, వచ్చి వెనక డోరుకు కొట్టుకుంది. గొర్లకు ఏమీ కాలేదు. అటెండరుకు కుడికాలి ఎముక మోకాలి కింద రెండు చోట్ల విరిగింది.

కోదాడ దవాఖానలో పిండికట్టు వేస్తుండగానే అతను చెప్పిన మాట ఒకటే. వ్యాను బ్రేకు లైటు వెలగలేదు, వెలిగి ఉంటే ఆగేవాణ్ని. డ్రైవరు మంచివాడే గానీ భయస్తుడు. సస్పెండు చేస్తారేమోనన్న భయంతో, బ్రేకు లైటు బ్రహ్మాండంగా ఉంది, వాడే తాగి ఉన్నాడు అని ఒక మాట వదిలాడు. అటెండరు ఆదివారాలు కల్లు తాగుతాడని అందరికీ తెలుసు. ఆ రోజు ఆదివారం కాదని ఎవరికీ గుర్తు రాలేదు.

మరునాడు పొద్దున పది గంటలకు మా అధికారి కోదాడ వచ్చారు. నన్నూ పిలిపించారు. దవాఖాన ముందే వ్యాను ఆపి, నన్ను ఎక్కి బ్రేకు తొక్కమన్నారు. తొక్కాను. వెలుగుతోందిగా అన్నారు వెనక నిలబడి. మళ్లీ తొక్కమన్నారు. మళ్లీ వెలిగింది. అలా నాలుగుసార్లు. అక్కడున్న వాళ్లందరూ చూశారు. ముందూ వెనకా వెలిగే డబుల్ సేఫ్టీ బండిని పట్టుకుని లైటు లేదంటాడా అని ఒకరిద్దరు నవ్వారు కూడా.

నేను మాత్రం ఆ సీట్లో కూర్చుని ఎదురుగా ఉన్న మీటరు వైపు చూస్తున్నాను. కాలు పెడితే మీటరులో లైటు, కాలు తీస్తే చీకటి. ఇది ఇప్పుడు, లైట్ల స్విచ్చి ఆపి ఉన్నప్పుడు. నిన్న సాయంత్రం స్విచ్చి వేసి ఉంది. అంటే మీటరు ముందే వెలుగుతోంది, వెనక లైటు ముందే పూర్తిగా వెలుగుతోంది. ఆ పైన బ్రేకు తొక్కితే కొత్తగా వెలగడానికి ఏం మిగిలింది? వెనక వచ్చేవాడికి ఆ వ్యాను ఆగుతోందో పోతోందో తెలిసే దారే లేదు. అతను అబద్ధం చెప్పలేదు. తాగలేదు. నేను ఆకురాయితో అరగదీసిన పిన్ను అతని కాలు విరగ్గొట్టింది.

మీరు అడగబోయేది నాకు తెలుసు. అప్పుడే దిగి చెప్పొచ్చు కదా అని. చెప్పొచ్చు. అధికారి పదడుగుల దూరంలో ఉన్నారు. స్విచ్చి నా చేతికి అందేంత దగ్గరలో ఉంది. దిగి, సార్ వెలుగుతోంది అన్నాను.

వారంలోగా లిస్టు గురించి కబురు తెలిసింది. తాగి బండి నడిపి, సంస్థ వాహనం మీద అబద్ధపు ఆరోపణ చేశాడని రిపోర్టు తయారైంది. అది ఖాయమైతే లిస్టులోంచి పేరు కొట్టేయడమే కాదు, రోజుకూలి కూడా ఉండదు. పందొమ్మిదేళ్లు ఖతం. అయితే రూలు ప్రకారం ఒక విచారణ చేయాలి కాబట్టి పై ఆఫీసు నుంచి ఒక మేడం వస్తున్నారు, వ్యానును మిర్యాలగూడ ఆఫీసు వెనక నిలబెట్టారు.

ప్రమాదం మరునాటి నుంచి విచారణ దాకా పదకొండు రోజులు. ఆ పదకొండు రోజుల్లో నేను చేసిన వీరకార్యాలు చెప్తాను. మిగతా రెండు వ్యాన్ల డ్రైవర్లకు ఫోన్ చేసి, వైరింగు కొంచెం వీక్‌గా ఉంది, పొద్దుగూకాక తిప్పకండి అన్నాను. ఏం వీకో చెప్పలేదు. దవాఖానకు రెండుసార్లు వెళ్లి, ఒకసారి బత్తాయిలు, ఒకసారి బ్రెడ్డు ఇచ్చి వచ్చాను. అతను మంచం మీద నుంచే నాకు కుర్చీ చూపించేవాడు. దిండు సర్దుతూ, ఏం పరేషాన్ కాకు తమ్మీ, దేవుడున్నాడు అనేవాణ్ని. దేవుడి మీదికి నెట్టేయడం ఎంత సుఖమో ఆ పదకొండు రోజులు అనుభవించాను.

ఇంట్లో రాత్రి అన్నం ముందు కూర్చుంటే లెక్కలు. మరో ఆరు నెలల్లో రిటైర్మెంటు. ఇప్పుడు మెమో పడితే ఇన్నేళ్ల పేరు పోతుంది. ఎలక్ట్రీషియన్ చేసిన తప్పు వల్ల మనిషి కాలు విరిగిందని రికార్డులో ఎక్కుతుంది. అధికారికి కోపం వస్తుంది, డబుల్ సేఫ్టీ పరువు పోతుంది. అటెండరుదేముంది, వాడికి గొర్లున్నాయి, ఎలాగో బతుకుతాడు అని కూడా అనుకున్నాను. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. అనుకున్నాను కాబట్టి రాస్తున్నాను.

చివరికి నాకొక మహా గొప్ప ఉపాయం తట్టింది. తీసిపారేసిన పాత రెండు పాయింట్ల బల్బులు షెడ్డులో డబ్బాలో ఉన్నాయి. విచారణ పది గంటలకు. ఎనిమిదికే మిర్యాలగూడ చేరి, వెనక అద్దాలు విప్పి పాత బల్బులు పెట్టేస్తే పది నిమిషాల పని. విచారణలో ఎలా పరీక్షించినా లైటు సరిగ్గా వెలుగుతుంది. ఎవరికీ ఏమీ తెలియదు. ముందు లైట్లు వెలగడం లేదేమని అధికారి అడిగితే, డబుల్ సేఫ్టీ రిపేరుకు వచ్చిందంటే సరిపోతుంది. ఒక్కటే ఇబ్బంది. అప్పుడు అటెండరు ఇక ఎప్పటికీ అబద్ధాలకోరే.

జేబులో బల్బులు వేసుకుని మొదటి బస్సెక్కాను. ఎనిమిదింటికి ఆఫీసు వెనక వ్యాను దగ్గరున్నాను. ఎడమ వైపు అద్దం స్క్రూలు రెండు విప్పాను. మూడోది తుప్పు పట్టి తిరగడం లేదు. దాని మీద ఒత్తిపట్టి ఉండగా గేటు దగ్గర ఆటో ఆగింది. అందులోంచి ముందు ఒక కర్ర, తర్వాత పిండికట్టు వేసిన కాలు, ఆ తర్వాత అటెండరు దిగాడు. పక్కన కూతురు పట్టుకుంది. విచారణకు ఆలస్యమైతే ఏమంటారోనని తెల్లవారకముందే కోదాడలో బయల్దేరారట. కర్ర పొడుచుకుంటూ నా దగ్గరికే వచ్చాడు. నా చేతిలో స్క్రూడ్రైవరు, విప్పిన అద్దం చూశాడు. అతని మొహం విచ్చుకుంది.

"వచ్చినవా అన్నా. సూస్తున్నవా లైటు? ఇగ నాకు రంది లేదు, బెంగ లేదు. బల్బులు ఏసినోనివి నువ్వే. లైటు రాలేదని నువ్వంటే వింటరు. నేనంటే తాగినోని మాట అంటుండ్రు."

నేను అతని కోసం పొద్దున్నే వచ్చి బండి చూస్తున్నానని అనుకున్నాడు. కూతురు నాకు దండం పెట్టింది. ఆ పిల్ల దండం పెట్టకుండా ఉన్నా బాగుండేది. నేను విప్పిన రెండు స్క్రూలూ మళ్లీ బిగించాను. బల్బులు జేబులోనే ఉండిపోయాయి.

మేడం పది గంటలకు కాదు, పదకొండుకు వచ్చారు. పొట్టి మనిషి, మాట పొదుపు. మా అధికారి వ్యాను గురించి, ఎల్ఈడీ గురించి చాలాసేపు చెప్పారు. ఆవిడ విన్నారు. డ్రైవర్ని ఎక్కి బ్రేకు తొక్కమన్నారు. వెలిగింది, ముందూ వెనకా. అధికారి నా వైపు చూసి చిరునవ్వు నవ్వారు. ఇంకెవరైనా చెప్పేదుందా అని ఆవిడ అడిగారు. అటెండరు నా వైపు చూశాడు. నేను ముందుకొచ్చి, మేడం, లైట్ల స్విచ్చి వేసి తొక్కించండి అన్నాను.

డ్రైవరు స్విచ్చి వేశాడు. వెనక ఎర్రగా, గట్టిగా వెలిగింది. ఆవిడ వెనక నిలబడ్డారు.

"తొక్కు" అన్నారు.

"తొక్కిన మేడం" అన్నాడు డ్రైవరు లోపల్నుంచి.

"ఏదీ? తొక్కు."

"తొక్కే ఉన్న మేడం."

"వదులు."

"వదిలిన."

ఆవిడ కాసేపు అలాగే చూశారు. లైటులో వెంట్రుకవాసి తేడా లేదు. నమ్మకం లేక ఆవిడే వెళ్లి డ్రైవరు కాలు తొక్కుతుందో లేదో చూసి వచ్చారు. మళ్లీ తొక్కించారు. తొక్కినా అంతే, వదిలినా అంతే. అటెండరు కర్ర మీద బరువు వేసి నిలబడి ఏడుస్తున్నాడు. మా అధికారి, స్విచ్చి వేయకుండా అయితే వెలుగుతోంది కదా మేడం అన్నారు. పగలు గుద్దుకోలేదు కదా అన్నారు ఆవిడ. అంత బాగా మాట్లాడిన అధికారిని నా సర్వీసులో ఇంకొకరిని చూడలేదు.

ఎందుకిలా అని నన్ను అడిగారు. నేను జేబులోంచి పాత బల్బు తీసి రెండు పాయింట్లు చూపించాను. కుడి వైపు అద్దం విప్పి, వ్యానులోది పీకి ఒక పాయింటు చూపించాను, అరిగిన పిన్ను చూపించాను. ఎవరు అరగదీశారు అన్నారు. నేనే అన్నాను. ఆవిడ రాసుకున్నారు. ఎప్పటి నుంచి తెలుసు అని ఎందుకో అడగలేదు. అడగకపోతే చెప్పడం నాకు అలవాటు లేదు.

అటెండరు పేరు లిస్టులో ఉండిపోయింది, నాలుగు నెలలకు పర్మినెంటయ్యాడు. కాలు మాత్రం కొంచెం పొట్టిగా అతుక్కుంది, అది మార్చడానికి ఏ విచారణా లేదు. నాకు మెమో వచ్చింది, సంజాయిషీ రాశాను, హెచ్చరికతో వదిలేశారు. మూడు వ్యాన్లకూ సరైన బల్బులు వచ్చాయి, ఈసారి ఇండెంటు నేనే చేత్తో రాశాను. మా అధికారిని పై ఆఫీసుకు మార్చారు. అక్కడ కొత్తగా చేరిన వాళ్లకు వాహనాల భద్రత మీద శిక్షణ ఇచ్చేవారని విన్నాను. మూడు రోజుల శిక్షణేనట.

ఆ రోజు విచారణ అయ్యాక నేనూ అటెండరూ ఆఫీసు ఎదురుగా హోటలు బల్ల మీద కూర్చున్నాం. కూతురు ఆటో కోసం వెళ్లింది. చాయ్ వచ్చింది. అతను కండువాతో మొహం తుడుచుకుని అడిగాడు.

"ఎప్పుడు ఎరుకైందన్నా నీకు, గీ పాయింటు సంగతి?"

"నిన్ననే తమ్మీ" అన్నాను.

అతను నా చెయ్యి పట్టుకున్నాడు.

"నిన్న ఎరుకైతే ఇయ్యాల చెప్పినవ్. నౌకరి మీదికి వస్తదని తెలిసి చెప్పినవ్. ఎవరు చెప్తరన్నా గట్ల?"

ఈ మాట అతను ఆ తర్వాత ఊరూరా చెప్పాడు. నడిగూడెంలో చెప్పాడు, కోదాడ స్టోర్సులో చెప్పాడు. నా రిటైర్మెంటు సభలో కుంటుకుంటూ స్టేజీ ఎక్కి, మైకు పట్టుకుని చెప్పాడు. మైకు పట్టడం అతనికి అలవాటే, బాగా చెప్పాడు. నిన్న తెలిస్తే ఇవాళ చెప్పిన మనిషి అని నాకు శాలువా కప్పారు. కప్పించుకున్నాను.

అతనికి చదువు రాదు. కూతురు ఇప్పుడు బడిలో టీచరు, రిటైరయ్యాక నేను ఇలా రాసేది ఏదైనా అచ్చయితే ఇంట్లో చదివి వినిపిస్తుందని తెలుసు. ఇది కూడా వినిపిస్తుంది. అమ్మా, ఇంతవరకు చదివినదానివి, ఇది కూడా మీ నాయనకు గట్టిగా చదివి చెప్పు. తమ్మీ, నాకు నిన్న ఎరుక కాలే. నీ కాలికి పిండికట్టు ఆరకముందే ఎరుక. పదకొండు రోజులు ఎరుకుండి చెప్పలే, నీ మంచం పక్కన కూర్చొని బత్తాయిలు ఒలిచిన. ఆ పొద్దు నేను వ్యాను కాడికి వచ్చింది నీ కోసం కాదు.